ఎల్లోస్టోన్ ఒడ్డున మజిలీలు

అమెరికా వాయవ్య భాగంలో కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న మోంటానా రాష్ట్రానికి బిల్లింగ్స్ అన్నింటికన్నా పెద్ద నగరం. 2020 జనగణనలో దాని జనాభా 1,17,116 కాబట్టి తెలుగు ప్రాంతపు కొలతలలో అదొక మోస్తరు పట్టణమే. ఊరికి ఉత్తరాన గోడ కట్టినట్టు నిలిచిన ఇసుకరాతి కొండచరియలు, దక్షిణాన ఎల్లోస్టోన్ నది, ఆ రెండింటి నడుమ ఇరుకు మైదానంలో రైలుపట్టాలు, రహదారులు, ఇళ్ళు ఉంటాయి. తూర్పు నుంచి వచ్చే 94వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి ఈ ఊరి దగ్గరే 90వ నంబరు రహదారిలో కలిసిపోతుంది. అందువల్ల ఎల్లోస్టోన్ జాతీయ వనానికి తూర్పు దిక్కు నుంచి పోయే బండ్లలో చాలా వాటికి ఈ పట్టణం తప్పని మలుపు, అలవాటైన మజిలీ.

ఆ బండ్లలో వేసవిలో ఎక్కువగా కనిపించేవి ఆర్‌వీలు. విహార వాహనం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల పొడి అక్షరాలివి. పడక, వంటగట్టు, మరుగుదొడ్డి లోపలే ఉండి సొంత ఇంజనుతో నడిచే మోటార్ హోమ్‌నూ, కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాగే ట్రెయిలర్‌నూ కూడా ఈ పేరుతోనే పిలుస్తారు. అటువంటి బండ్లు రాత్రికి ఆగడానికి అద్దెకిచ్చే స్థలం ఆర్‌వీ పార్కు. గుడారాలకూ బండ్లకూ కలిపి చోటిచ్చేది క్యాంప్‌గ్రౌండ్. ఆచరణలో ఈ రెండు మాటల మధ్య హద్దు ఎన్నడూ గట్టిగా నిలవలేదు. 1830లో మద్రాసు నుంచి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా అని తన యాత్రాచరిత్రలో రాసిపెట్టాడు. బిల్లింగ్స్ చుట్టుపక్కల మజిలీల చరిత్రకు కూడా నీళ్ళు, అంగడి, దిగే చోటు అనేవే మూలం. అయితే ఇక్కడ వాటికి నాలుగో సంగతి ఒకటి తోడయింది. దిగే చోటుకు వెల కట్టడం ఎప్పుడు మొదలైంది, ఆ వెల ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని గేటు బయట నిలిపింది అన్నది ఆ సంగతి. ఈ ప్రాంతపు శిబిరాల కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నదికి ఎల్లోస్టోన్ అన్న పేరు తరవాతి కాలానిది. ఈ లోయను తమ దేశంగా చెప్పుకొనే అప్సాలుకా ప్రజలు, అంటే ఆంగ్లంలో క్రో అని పేరుపడ్డ జాతి, దాన్ని తమ భాషలో ఎల్క్ నది అని పిలిచేవారు. ఎల్క్ అంటే కణుజును పోలిన పెద్ద దుప్పి. అడవిదున్నల మందల వెంట తిరిగే వారి జీవితంలో శిబిరం అంటే ఊరే, కాకపోతే కదిలే ఊరు. వారి ఇల్లు టీపీ, అంటే శంకువు ఆకారంలో నిలిపే తోలు గుడారం. ఇరుగుపొరుగు జాతులలో సూ, షయెన్ వారు మూడు వాసాలను ముందుగా ముడివేసి నిలబెడితే, క్రోలు నాలుగు వాసాలతో మొదలుపెడతారు. తక్కిన వాసాలను వాటి మీదికి చేరవేసి, చివరిగా కప్పును ఒక వాసానికి కట్టి పైకెత్తి, రెండు అంచులనూ ముందువైపు కర్రచీలలతో కుడతారు. వాకిలి తూర్పుకు ఉంటుంది. పైన పొగ పోవడానికి వదిలిన రెండు చెవుల వంటి రెక్కలను గాలివాటం చూసి బయటి నుంచే రెండు సన్నని కర్రలతో తిప్పవచ్చు. ఈ పనిలోనూ, ఇంటి మీది హక్కులోనూ స్త్రీలదే పైచేయి. గుర్రాలు రాకమునుపు కుక్కలు, వచ్చాక గుర్రాలు, రెండు వాసాలను భుజాలకు కట్టించుకొని వాటి మధ్య సామాను ఈడ్చుకుపోయేవి. ట్రావాయ్ అనే ఈ చక్రాలు లేని బండే ఈ మైదానాలలో ఇంటిని వెంట లాక్కుపోయిన మొదటి వాహనం.

1806 జులైలో పసిఫిక్ తీరం చూసి తిరిగి వస్తున్న విలియం క్లార్క్ దళం ఈ నది వెంటే దిగింది. ఇప్పటి బిల్లింగ్స్‌కు ఎగువన ఒకచోట కొన్ని రోజులు ఆగి, కాటన్‌వుడ్ మానులను తొలిచి పడవలు చేసుకొంటుండగా, ఒక రాత్రి వారి గుర్రాలలో 24 మాయమయ్యాయి. క్రోలే తోలుకుపోయారని ఊహ. అడగకుండా ఒకరి నేలలో దిగినందుకు ఈ లోయలో వసూలైన మొదటి అద్దె అదేనని సరదాగా అనుకోవచ్చు. జులై 25న ఊరికి తూర్పున సుమారు 28 మైళ్ళ దూరంలోని ఒంటరి రాతిగుట్ట మీద క్లార్క్ తన పేరూ తేదీ చెక్కాడు. పాంపీస్ పిల్లర్ అనే ఆ గుట్ట మీద అది నేటికీ కనిపిస్తుంది.

భూమి చేతులు మారిన తీరు క్లుప్తంగా చెప్పుకోక తప్పదు. 1851 ఒప్పందంలో కోట్ల ఎకరాలలో గుర్తించిన క్రో దేశాన్ని 1868 ఒప్పందం సుమారు 80 లక్షల ఎకరాలకు, ఎల్లోస్టోన్ నదికి దక్షిణానికి కుదించింది; తరవాతి కోతల తరవాత ఇప్పుడు మిగిలింది 22 లక్షల ఎకరాలకు కొద్దిగా పైన. ఉత్తరపు ఒడ్డు అలా ఖాళీ అయిన 14 ఏళ్ళకు, 1882లో, నార్తర్న్ పసిఫిక్ రైలు కంపెనీ అక్కడ ఒక ఊరు గీసి, తన మాజీ అధ్యక్షుడు ఫ్రెడరిక్ బిల్లింగ్స్ పేరు పెట్టింది. కొద్ది నెలలలోనే ఊరు లేచి నిలవడంతో మాయానగరం అన్న ముద్దుపేరు వచ్చింది. ఇది తాత్కాలిక శిబిరాలను తుడిచిపెట్టి వెలసిన శాశ్వతమైన ఊరు. మళ్ళీ ఈ ఊళ్ళోనే శిబిరాల మీద బతికే వ్యాపారం పుట్టడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

ప్రపంచంలోనే తొలి జాతీయ వనంగా 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్‌కు రైలు వచ్చిన తరవాత రెండు తరగతుల యాత్రికులు తయారయ్యారు. పెద్ద హోటళ్ళలో దిగి గుర్రపు బగ్గీలలో తిరిగేవారిని డ్యూడ్‌లు అనేవారు. సొంత బండి, సొంత గుర్రాలు, సొంత వంటపాత్రలతో వచ్చి కనిపించిన చోట దిగేవారిని సేజ్‌బ్రషర్లు అన్నారు. సేజ్‌బ్రష్ అంటే ఆ పొడినేలల్లో పెరిగే బూడిదరంగు పొద, కాబట్టి పొదల పక్కన పడుకొనేవారని ఆ మాటలో కొంత ఎకసెక్కం ఉంది. మోంటానా పల్లెల రైతు కుటుంబాలు కోతలకు ముందు దొరికిన విరామంలో ఇలాగే బయలుదేరేవి. ఈ రెండు తరగతుల మధ్యనున్న ఖాళీని బోజ్‌మన్ పట్టణంలో బడులపై అధికారిగా పనిచేసిన విలియం వైలీ కనిపెట్టి, హోటలు కన్నా తక్కువ ధరకు చెక్కనేల, పొయ్యి, మంచం అమర్చిన చారల గుడారాలను వనంలో స్థిరంగా వేయించాడు. గుడారంలో పడుకొన్నామన్న తృప్తి కలగాలి, గుడారం తాలూకు కష్టం మాత్రం ఉండకూడదు అన్న కోరికకు ధర కట్టిన తొలి వ్యాపారులలో అతడొకడు. ఆ తరవాత వందేళ్ళకు పైగా ఈ రంగంలో వచ్చిన కొత్తదనాలలో చాలా వరకు ఈ ఆలోచనకు మరో రూపాలే.

వనంలోకి మోటారు బండ్లను 1915 ఆగస్టు నుంచి అనుమతించారు. అప్పటికే 1912లో దక్షిణ డకోటాలోని ఇప్స్‌విచ్ అనే చిన్న ఊళ్ళో కొందరు వర్తకులు కూడి ఎల్లోస్టోన్ ట్రెయిల్ పేరిట ఒక సంఘం పెట్టి, అట్లాంటిక్ తీరం నుంచి పసిఫిక్ తీరం దాకా మోటారు దారి ఉండాలని ప్రచారం మొదలుపెట్టారు. సంఘం సొంతంగా రోడ్డు వేయలేదు; ఉన్న మట్టిదారులను ఎంచి, దారి పొడవునా రాళ్ళకూ స్తంభాలకూ పసుపు రంగు పూసి, బాగుచేయమని ఊరూరా ఒత్తిడి తెచ్చింది. బిల్లింగ్స్ ఆ దారి మీదిదే. పసుపు రాయి అన్న నది పేరు దారికీ, దారి గుర్తుకూ ఎక్కడం వల్ల ఏ బాటసారికైనా తానెటు పోతున్నదీ తెలిసేది.

ఈ బాటసారులను అడ్డుకొనే ప్రయత్నం అప్పుడెవరూ చేయలేదు సరికదా, తమ ఊళ్ళో దిగమని పోటీపడి పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అయిదారేళ్ళ పాటు పడమటి రాష్ట్రాల ఊళ్ళలో పురపాలక ఆటో క్యాంపు అనే ఏర్పాటు వెల్లువలా వ్యాపించింది. ఊరి పార్కులోనో సంత మైదానంలోనో కొంత నేల చదునుచేసి, నీటి కొళాయి, మరుగుదొడ్లు, వంట పొయ్యిలు, కొన్నిచోట్ల విద్యుద్దీపాలు పెట్టి, కారులో వచ్చినవారెవరైనా ఉచితంగా గుడారం వేసుకోవచ్చని దారిలో బోర్డులు కట్టేవారు. డెన్వర్ నగరపు ఓవర్లాండ్ పార్కు వీటిలో పేరుమోసినది. రాత్రికి దిగిన కుటుంబం మరునాటి పొద్దున పెట్రోలు, రొట్టె, టైరు ఊళ్ళోనే కొంటుందన్న లెక్క దీని వెనుక ఉంది. అతిథిని సత్కరించినట్టూ ఉంటుంది, అంగడి నడిచినట్టూ ఉంటుంది; ఇంతకన్నా చక్కని ఔదార్యం వర్తకులకు తోచడం కష్టం.

ఆ ఔదార్యం ఆయుష్షు తక్కువదే అయింది. పాత ఫోర్డ్ కార్ల ధర పడిపోయేకొద్దీ పంటకోతల కూలీలు, పని వెతుక్కొనే కుటుంబాలు, ఊరూరా తిరిగి సరుకులమ్మేవారు కూడా కారెక్కి వచ్చి, ఉచిత శిబిరాలలో వారాల తరబడి ఉండిపోసాగారు. వారి డబ్బు ఊరి అంగట్లో ఖర్చు కాదని వర్తకులు గొణిగారు; వారి పక్కన పడుకోవడం తమకు నచ్చడం లేదని సెలవు యాత్రికులు గొణిగారు; బావి నీళ్ళు, దొడ్ల శుభ్రత గురించి ఆరోగ్య శాఖలు హెచ్చరించాయి. 1920ల నడుమకు వచ్చేసరికి చాలా ఊళ్ళు రాత్రికి 50 సెంట్ల రుసుము పెట్టి, పేరూ చిరునామా రాయించి, కొద్ది రోజుల గడువు విధించాయి. ఆ 50 సెంట్లు శిబిరం నడిపే ఖర్చు కోసమే అయితే అందులో విశేషమేమీ ఉండేది కాదు. అనుకోని మనుషులను రానివ్వకుండా జల్లెడ పట్టడమే దాని అసలు పని అని ఆనాటి పురపాలకులు దాచుకోకుండా చెప్పుకొనేవారు. రుసుము రావడంతో ప్రైవేటు వ్యక్తులు కూడా ఈ వ్యాపారంలోకి దిగగలిగారు. వారు గుడారపు స్థలం పక్కన చెక్క క్యాబిన్లు వేశారు, క్యాబిన్ల మధ్య కారు నిలిపే చోటు కప్పారు, అలా మోటెల్ పుట్టింది. మోటెల్ అనే మాటే 1925లో క్యాలిఫోర్నియాలోని సాన్ లూయీ ఒబీస్పోలో ఆర్థర్ హైన్‌మన్ కట్టించిన విడిదికి పెట్టిన పేరులోనిది. పురపాలక శిబిరాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

డబ్బుతో పని లేకుండానే మూసుకొన్న గేట్లు వేరే ఉన్నాయి. వర్జీనియాలోని షెనండోవా జాతీయ వనంలో నల్లజాతివారి కోసం లూయిస్ మౌంటెన్ అనే శిబిరాన్ని 1939లో విడిగా తెరిచారు. దారిలో ఎక్కడ దిగనిస్తారో తెలుసుకోవడానికి విక్టర్ గ్రీన్ 1936 నుంచి ప్రచురించిన గ్రీన్ బుక్ అనే మార్గదర్శినిని ఆ కుటుంబాలు వెంట పెట్టుకొనేవి. రోడ్డు అందరిదీ అన్న అమెరికా గర్వం రాత్రి పడ్డాక ఎంతవరకు నిలుస్తుందో ఆ పుస్తకపు పుటలలోనే తెలిసేది.

ఇక్కడ కాస్త పక్కకు తిరిగి ఒక మొక్కల వైద్యుడి గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే నేడు బిల్లింగ్స్ చుట్టుపక్కల అడవులలోనే కాదు, అమెరికాలో ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో అడుగుపెట్టినా కనిపించే రూపురేఖలు ఎక్కువ భాగం అతడి తలపులోనివే. ఎమీలియో మైనెకె మొక్కల తెగుళ్ళను చదివిన శాస్త్రవేత్త, అమెరికా అటవీ శాఖ ఉద్యోగి. క్యాలిఫోర్నియా మహావృక్షాలు శిబిరాల దగ్గర ఎందుకు నీరసిస్తున్నాయో చూడమంటే, తెగులు మొక్కలలో కాక మనుషుల అలవాటులో ఉందని అతడు తేల్చాడు. ఇష్టం వచ్చిన చోటికి కార్లు తోలడం వల్ల వేళ్ళ మీది మట్టి గట్టిపడి, నీరూ గాలీ లోపలికి పోక చెట్టు నెమ్మదిగా చస్తుంది. అది కళ్ళకు కనిపించేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. 1932లో అతడు సూచించిన విరుగుడు చాలా సాదాగా ఉంటుంది. శిబిరం చుట్టూ ఒకే దిశలో పోయే సన్నని దారి వేయాలి. ఆ దారి నుంచి ఏటవాలుగా చీలిన చిన్న కొమ్మలాంటి నిలుపుస్థలం ఒక్కొక్క కుటుంబానికి ఒకటి ఇవ్వాలి. కారు దాన్ని దాటి పోకుండా బండరాళ్ళో దుంగలో అడ్డం పెట్టాలి. బల్ల, పొయ్యి, గుడారపు చదును కదలని చోట్ల ఉండాలి. 1933లో నిరుద్యోగ యువకుల కోసం పుట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దళాలు ఈ నమూనాను దేశమంతటా చేత్తో కట్టి చూపాయి. చెట్ల వేళ్ళను కాపాడాలని గీసిన ఆ గీతలు మరో ఫలితాన్ని కూడా ఇచ్చాయి: దిగే చోటు లెక్కపెట్టదగిన వస్తువైంది. నంబరున్న స్థలాన్ని అద్దెకివ్వవచ్చు, ముందుగా కేటాయించవచ్చు, నిండింది అని బోర్డు పెట్టవచ్చు. తరవాతి వ్యాపారానికి కావలసిన కొలత అడవిలోనే తయారైపోయింది.

1936 వేసవిలో బేర్‌టూత్ రహదారి తెరిచారు. బిల్లింగ్స్‌కు నైరుతిగా 60 మైళ్ళ దూరాన ఉన్న రెడ్ లాడ్జ్ అనే బొగ్గుగనుల పట్టణం నుంచి 10,947 అడుగుల ఎత్తున్న కనుమ దాటి వనపు ఈశాన్య ద్వారానికి చేరే 68 మైళ్ళ దారి ఇది. దీని వెంట అటవీ శాఖ శిబిరాలు వెలిసి, బిల్లింగ్స్ వనానికి పెరటి ద్వారం వంటిదయింది. అదే దశాబ్దంలో ట్రెయిలర్లు పెరిగాయి. కరువుతో, అప్పులతో నేల పోగొట్టుకొన్న కుటుంబాలకు అవి ఇళ్ళు. తీరిక గలవారికి విహారం. రెండింటికీ బండి ఒక్కటే కావడంతో ట్రెయిలరు కనబడితే అనుమానించే అలవాటు ఊళ్ళకు పట్టుకొంది. 1954లో విస్కాన్సిన్‌లో 10 అడుగుల వెడల్పు ట్రెయిలరు వచ్చాకనే ఈ ముడి కొంత విడింది: ఒకచోట పెట్టి కాపురముండేది మొబైల్ హోమ్, లాక్కుపోయేది ట్రావెల్ ట్రెయిలర్ అని పేర్లు చీలాయి, వాటికి పార్కులూ వేరుపడ్డాయి. అంతకుముందు రెండో ప్రపంచయుద్ధం, రేషనింగు కాలంలో రోడ్లు ఖాళీగా ఉండేవి. ఆ తరవాత 1956 రహదారుల చట్టంతో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం మొదలైంది.

1962 ఏప్రిల్ 21న సియాటిల్ నగరంలో ప్రపంచ ప్రదర్శన తెరుచుకొని అక్టోబరు దాకా నడిచింది. సుమారు కోటి మంది చూశారు. తూర్పు రాష్ట్రాల నుంచి కార్లలో బయలుదేరినవారిలో ఎందరో 10వ నంబరు జాతీయ రహదారి మీద బిల్లింగ్స్ గుండా పోవలసి ఉండగా, వారు చీకటిపడ్డాక రోడ్డు వారలనే గుడారాలు వేసుకోవడం డేవ్ డ్రమ్ అనే స్థానిక వ్యాపారి గమనించాడు. అతడికి నది ఒడ్డున కొంత నేల ఉంది. దాన్ని చదునుచేసి, స్థలానికొక బల్ల, ఒక నిప్పుగుండం, అందరికీ కలిపి వేడినీళ్ళ స్నానపు గదులు, శుభ్రమైన మరుగుదొడ్లు, చిన్న కిరాణా కొట్టు పెట్టి, రాత్రికి 1 డాలరు 75 సెంట్లు వసూలు చేశాడు. అడవి శిబిరాలలో లేనిదీ, మోటెల్ ఇవ్వనిదీ అక్కడ దొరికింది: ఆరుబయట పడక, దానితో పాటు వేడి స్నానం. రోజంతా మోంటానా దుమ్ములో కారు తోలి వచ్చిన తల్లిదండ్రులకు కొండల కన్నా, నక్షత్రాల కన్నా ఆ స్నానమే ముఖ్యమని గ్రహించడంలో డ్రమ్ ప్రతిభ అంతా ఉంది.

భాగస్వాములతో కలిసి అతడు దీన్ని గొలుసు వ్యాపారంగా మార్చాడు. క్యాంప్‌గ్రౌండ్ అన్నది అందరూ వాడే మాట కాబట్టి దాని మీద వాణిజ్య హక్కు రాదు. అందుకని మొదటి అక్షరాన్ని మార్చి ఆంగ్లంలో కె తో రాసి, క్యాంప్‌గ్రౌండ్స్ ఆఫ్ అమెరికా అని నమోదు చేశారు. పలికితే తేడా లేదు, రాస్తేనే ఆస్తి. కేఓఏ అన్న పొడి అక్షరాలతో ఆ పేరు దేశమంతటా పరిచితమైంది. పద్ధతి ఫ్రాంచైజీ: నేల, పెట్టుబడి, పగలూ రాత్రీ చాకిరీ స్థానిక యజమానివి, సాధారణంగా ఒక భార్యాభర్తల జంటవి, పేరు, నమూనా, నియమాలు, జాబితా పుస్తకం కంపెనీవి. ఒక చోట దిగినవారికి ఉచితంగా ఇచ్చే ఆ జాబితా మరునాటి మజిలీని కూడా అదే పేరు కిందికి చేర్చేది. నిటారుగా రెండు వాలులు నేలదాకా దిగిన పైకప్పున్న కార్యాలయ భవనం రోడ్డు మీది నుంచే గుర్తుపట్టేటట్టు ఉండేది. కంపెనీ చిహ్నం మరేదో కాదు, టీపీ. నాలుగు వాసాలతో మొదలయ్యే అసలు టీపీల దేశంలో, క్రోల నేల మీదనే పుట్టిన కంపెనీకి ఆ గుర్తు తోచడం సహజమో విడ్డూరమో చెప్పడం కష్టం. మొత్తానికి పదేళ్ళలో శిబిరాలు దాదాపు 600 అయ్యాయి.

ఆ పెరుగుదలకు బండ్లు కూడా తోడయ్యాయి. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబేగో కంపెనీ 1966 నుంచి మోటార్ హోమ్‌లను వరసపెట్టి తయారుచేయడంతో వాటి ధర మధ్యతరగతికి అందింది. గుడారం వేసేవాడికి నీళ్ళు, దొడ్డి చాలు. చక్రాల ఇంటికి విద్యుత్తు, నీటి గొట్టం, మురుగు గొట్టం కూడా కావాలి. ఈ మూడు కలిపి ఇచ్చే చోటును పార్కుల భాషలో ఫుల్ హుకప్ అంటారు. దాంతో శిబిరం భూమి మీది వ్యాపారం కన్నా భూమి లోపలి గొట్టాల వ్యాపారం ఎక్కువయింది.

ఆ గొట్టాలు తగిలించే పని సాయంత్రం నాలుగు దాటాక ఏ పార్కులోనైనా చూడవచ్చు. కార్యాలయంలో కాగితపు పటం మీద పెన్సిలుతో గీత గీసి స్థలం నంబరు ఇస్తారు. వెనక్కి తోలనక్కరలేకుండా ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు పోగల పుల్-త్రూ స్థలం దొరికితే అదృష్టం. లేకపోతే భర్త చక్రం తిప్పుతూ, భార్య వెనుక నిలబడి చేతులూపుతూ, ఇద్దరూ ఎడమ కుడుల మీద కొంచెం కోపతాపాలు పడుతూ, ముప్పై అడుగుల ట్రెయిలర్‌ను గులకరాళ్ళ మీదికి దోస్తారు. పల్లంగా ఉన్న చక్రం కింద ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి నీటిమట్టంతో సమం చూస్తారు. స్తంభం మీద 30 ఆంపియర్లకూ 50 ఆంపియర్లకూ వేరువేరు ప్లగ్గులుంటాయి. నీటి కొళాయికి, గొట్టం పగలకుండా పీడనం తగ్గించే ఇత్తడి ముక్క బిగిస్తారు. చివరిది మురుగు గొట్టం. దొడ్డి నీళ్ళుండే నల్ల తొట్టిని ముందు ఖాళీచేసి, గిన్నెలు కడిగిన, స్నానం చేసిన నీళ్ళుండే బూడిద తొట్టిని తరవాత వదలాలి. అప్పుడు రెండో నీళ్ళు మొదటి మురికిని గొట్టంలోంచి కడిగేస్తాయి. ఈ వరస తప్పినవాడిని పక్క స్థలంవాళ్ళు సులువుగా మరిచిపోరు.

1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధంతో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన కాలంలో, గాలనుకు కొద్ది మైళ్ళే నడిచే మోటార్ హోమ్‌లు ఎవరికీ అక్కరలేకుండా పోయాయి. రోజుకొక ఊరు దాటే యాత్రికుడిని నమ్ముకొని రహదారి పక్కన కట్టిన శిబిరాలకు ఆ దెబ్బ బాగా తగిలింది. కేఓఏ యాజమాన్యం కొంతకాలానికి న్యూయార్క్ పెట్టుబడిదారు ఆస్కర్ టాంగ్ చేతికి పోయింది. ప్రధాన కార్యాలయం మాత్రం బిల్లింగ్స్‌లోనే నిలిచింది. 1980ల మొదట్లో గుడారమూ బండీ లేనివారి కోసం ఒక్క గది చెక్క ఇళ్ళు ప్రవేశపెట్టారు. చెక్కనేల, మంచం, తలుపు: వైలీ చారల గుడారాలు తిరిగొచ్చినట్టే. దారిలో ఒక రాత్రి ఆగే చోటుగా మొదలైనది ఈత కొలను, పిల్లల ఆటలతో రెండు మూడు రోజులు ఉండే గమ్యంగా మారింది. సంఖ్య తగ్గి ఇప్పుడు సుమారు 500 దగ్గర నిలిచింది. నది ఒడ్డున మొదటి శిబిరం ఇంకా నడుస్తూనే ఉంది.

ధర పెరిగేకొద్దీ ధర కట్టనివారి దారి కూడా పెరిగింది. నీళ్ళూ కరెంటూ లేకుండా, రుసుము లేకుండా ప్రభుత్వ భూములలో దిగడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. కేంద్ర భూనిర్వహణ సంస్థ కింది నేలలలో సాధారణంగా 14 రోజుల దాకా ఉండనిస్తారు, ఆ తరవాత కదలాలి. సేజ్‌బ్రషర్లకు పేరు మాత్రమే మారిందనిపిస్తుంది. పనుల వెంట తిరుగుతూ ఆర్‌వీలోనే బతికేవారు, ఇల్లు పోగొట్టుకొన్నవారు, పింఛనుదారులు, సెలవు కుటుంబాలు ఈ నేలల మీద పక్కపక్కనే ఉంటారు; 1920లలో ఊళ్ళను భయపెట్టిన కలగలుపు ఇదే. గడువు పెట్టడమనే మందు కూడా అప్పటిదే.

కరోనా కాలంలో విమానాలూ హోటళ్ళూ వద్దనుకొన్నవారంతా ఈ వైపు తిరగడంతో 2021లో అమెరికా కర్మాగారాల నుంచి 6 లక్షల ఆర్‌వీలు బయటికి వచ్చాయి, అంతకు ముందెన్నడూ అన్ని రాలేదు. మరుసటి ఏడు జూన్‌లో, కొండల మీద మంచు కరుగుతున్న వేళ కుండపోత వాన కురిసి ఎల్లోస్టోన్ పొంగింది. జూన్ 13న వనం ద్వారాలన్నీ మూశారు. లోపలి రోడ్లు కొన్ని నదిలోకి జారిపోయాయి. రెడ్ లాడ్జ్‌లో రాక్ క్రీక్ వాగు వీధులలో పారింది. బిల్లింగ్స్ నీటి శుద్ధి కేంద్రాన్ని కొంతసేపు ఆపవలసి వచ్చింది. మజిలీకి మొదటి అవసరం నీరు కాబట్టి శిబిరాలన్నీ నదులనే అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ చోటును నది ఎప్పుడైనా వెనక్కి అడగగలదని క్రోలకు తెలుసు, రైలు కంపెనీ సర్వేయర్లకూ తెలియకపోలేదు.

బిల్లింగ్స్‌కు ఆగ్నేయంగా 60 మైళ్ళ దూరాన, లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున క్రో ఏజెన్సీ ఉంది. ఏజెన్సీ అంటే ఆదివాసులపై ప్రభుత్వాధికారి కొలువుండిన కేంద్రం. 1904లో అప్పటి అధికారి, క్రోలకు సేద్యం మీద ఆసక్తి కలిగించాలని, మధ్య రాష్ట్రాల జిల్లా సంతలను చూసి ఇక్కడ కూడా ఒక పంటల ప్రదర్శన పెట్టించాడు. సంప్రదాయ నృత్యాలను ప్రభుత్వం అణచివేస్తున్న రోజులవి. గుమ్మడికాయలూ కోళ్ళూ చూపించే నెపంతో జనమంతా ఒకచోట చేరే వీలు దొరకగానే డప్పులూ గుర్రాలూ టీపీలూ వచ్చిచేరాయి, పంటల పోటీ క్రమంగా పక్కకు జరిగింది. ఆ ప్రదర్శన కోసం నేటికీ ప్రతి ఆగస్టు మూడో వారంలో ఆ నది వెంట వెయ్యికి పైగా టీపీలు లేస్తాయి. తోలుకు బదులు ఇప్పుడు తెల్లని కాన్వాసు. ఏ కుటుంబం ఎక్కడ దిగాలో బంధుత్వమూ అలవాటూ చెబుతాయి. నాలుగు వాసాలు ముడివేయడంతోనే పని మొదలవుతుంది. టీపీల సందుల్లో పికప్ ట్రక్కులు, వంట చేసే గోడ గుడారాలు, నీడకు కొమ్మలు కప్పిన పందిళ్ళు, వాటి పక్కనే ట్రెయిలర్లూ మోటార్ హోమ్‌లూ నిలబడి ఉంటాయి. అమ్మమ్మ టీపీలో, మనవలు ట్రెయిలర్లో పడుకొన్నా అది ఒకే ఇల్లు. చివరి రోజున శిబిరం గుండా నృత్యం చేస్తూ తిరిగి వచ్చాక కాన్వాసులు దించి మడిచి, ఇరవై అడుగులు దాటిన వాసాలను ట్రెయిలర్ల మీదికెత్తి, వెనక్కి పొడుచుకువచ్చిన కొనలకు ఎర్రగుడ్డ కట్టి, రహదారి మీదికి బయలుదేరతారు.